డిమెన్షియా ఉన్నవాళ్ళను చూసుకునేవాళ్ళకి మానసిక వైద్యం: విజయవాడ, గుంటూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

డిమెన్షియా, అంటే మతిమరుపు ముదిరే జబ్బు, వచ్చిన పెద్దవాళ్ళను ఇంట్లో చూసుకుంటున్న కుటుంబాలతో మాట్లాడుతుంటే అవే అనుమానాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాం. జబ్బు గురించి, దాని మందుల గురించి ఇప్పటికే చాలా రాశారు. ఇది చూసుకునే మనిషి గురించి. ఆ మనిషికి నిద్ర, ఆకలి, ఓపిక పోతుంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి, చాలామంది ఎందుకు వెళ్ళరు, వెళ్ళినవాళ్ళు మధ్యలో ఎందుకు మానేస్తారు అన్నదే ఇక్కడ విషయం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేనప్పుడు

జబ్బు మా మామయ్యగారికి. డాక్టర్ దగ్గరికి నేనెందుకు వెళ్ళాలి?

"మీరెలా ఉన్నారమ్మా?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఇలా ఉంటుంది: "రాత్రి నాలుగుసార్లు లేచారండీ. తెల్లారుజామున గేటు దగ్గర నిలబడి, ఆఫీసుకి టైమైంది, తాళం తియ్యమంటారు." అడిగింది ఆమె గురించి, చెప్పింది ఆయన గురించి. తాళంచెవి మాత్రం పగలూ రాత్రీ ఆమె కొంగుకే కట్టి ఉంటుంది. ఆస్ట్రేలియాలో డిమెన్షియా కుటుంబాలను మీకున్న సేవలు ఎందుకు వాడుకోవట్లేదని అడిగితే, 2005లో వచ్చిన ఆ అధ్యయనంలో ఎక్కువగా వినిపించిన కారణం "మాకు అవసరం లేదు" అన్నదే. రెండోది "అలాంటివి ఉన్నాయని తెలియదు" అన్నది. మన దగ్గరా అంతే. కానీ వేర్వేరు పరిశోధనలను కలిపి 2020లో వేసిన లెక్కలో, ఇలా చూసుకునేవాళ్ళలో దాదాపు 31 శాతం మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. మీరు ఆ 31 మందిలో ఉన్నారో లేదో ఒకసారి చూపించుకుంటే తెలుస్తుంది. లేరని తేలితే సంతోషం.

ఇది ఉత్త అలసటేమో. డిప్రెషన్ అని ఎలా తెలుస్తుంది?

ఆడపడుచు వచ్చి రెండు రోజులు అత్తగారిని చూసుకుంటే, మీరు కడుపునిండా తిని, పడుకుని లేచాక తేలిక పడితే అది అలసట. ఆ రెండు రోజులు ఖాళీ దొరికినా నిద్ర పట్టకపోయినా, ఏదీ చేయబుద్ధి కాకపోయినా, మామూలుగా ఇష్టంగా చూసే సీరియల్ కూడా పట్టకపోయినా ఆలోచించాలి. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు, ఆకలి మారిపోవడం, చిన్నదానికే ఏడుపు, నావల్ల ఎవరికీ ఉపయోగం లేదన్న ఆలోచన ఉంటే డాక్టర్‌ని కలవండి. థైరాయిడ్ తేడా, రక్తహీనత, బి12 తక్కువవడం కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి కాబట్టి రక్తపరీక్ష రాస్తే వద్దనకండి.

ఇదంతా ఋణానుబంధం అనుకుని చేసుకుపోతున్నాం. అది చాలదా?

ఆ భావన మీకు బలాన్నిస్తుంటే మంచిదే. బీపీ మాత్ర వేసుకుంటూనే దుర్గమ్మ కొండెక్కుతాం, ఇదీ అంతే. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు తీర్చుకోవాల్సిన ఋణాన్ని చాలా ఇళ్ళలో ఒక్క కోడలు తీరుస్తుంటుంది. దాన్ని కర్మ అనేస్తే మిగతావాళ్ళకి సుఖం.

సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే పిచ్చి అని ముద్ర వేస్తారు కదా?

ఈ భయం ఊరికే పుట్టలేదు. మన జిల్లాల్లో తరతరాలుగా "వైజాగ్ పంపించాలి" అన్నది తిట్టు. విశాఖ చినవాల్తేరులోని మానసిక వైద్యశాల అంటే పిచ్చాసుపత్రి అనే పేరు పాతుకుపోయింది. కానీ ఇప్పుడు సైకియాట్రీ ఓపీలో కూర్చున్నవాళ్ళను చూస్తే పరీక్షల టెన్షన్‌తో వచ్చిన పిల్లలు, కాన్పు తర్వాత దిగులుపడుతున్న తల్లులు, తాగుడు మానాలనుకునేవాళ్ళు, నిద్రపట్టని రిటైర్డ్ ఉద్యోగులు కనిపిస్తారు. అయినా మొహమాటంగా ఉంటే గుంటూరువాళ్ళు విజయవాడకీ, విజయవాడవాళ్ళు గుంటూరుకీ వెళ్ళి చూపించుకోవడం ఉన్నదే. దాన్ని తప్పుపట్టే పనిలేదు. వెళ్ళకుండా ఉండడం కంటే బస్సెక్కి వెళ్ళడం నయం.

అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నేను వెళ్ళినట్టు బయటికొస్తుందా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. మీకో ఇంకొకరికో ప్రాణాపాయం ఉండడం, కోర్టు అడగడం లాంటి కొన్ని సందర్భాలే దానికి మినహాయింపు. నిజానికి కబురు ఆసుపత్రి నుంచి కాక మన చుట్టాల నుంచే పాకుతుంది. ఎవరికి చెప్పాలో ముందే తేల్చుకోండి. మందుల చీటీని పెద్దాయన ఫైల్లో కలిపి పెట్టకుండా విడిగా ఉంచుకోండి.

ఒక్కోసారి కోపం పట్టలేక అత్తయ్య మీద చెయ్యి చేసుకుంటున్నాను. ఎవరికి చెప్పాలి?

ఈ ప్రశ్న ఎప్పుడూ గొంతు తగ్గించి అడుగుతారు. ఇది అడగలేకే డాక్టర్ దగ్గరికి రానివాళ్ళు కూడా ఉన్నారు. మొదటి సంగతి, కొట్టడం ఆగాలి. ఆవిడకి దెబ్బ ఎందుకు తగిలిందో అర్థం కాదు, భయం మాత్రం మిగిలిపోతుంది, దాంతో స్నానానికీ అన్నానికీ ఇంకా మొండికేస్తారు. కోపం వస్తున్నట్టు తెలియగానే ఆవిడ పడిపోకుండా కూర్చోబెట్టి, గ్యాస్ కట్టేసి, ఐదు నిమిషాలు వరండాలోకి వెళ్ళిపోండి. అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే నష్టం లేదు. రెండోది, ఈ విషయాన్ని సైకియాట్రిస్ట్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నెలల తరబడి నిద్రలేని మనిషి చెయ్యి ఎత్తడం వాళ్ళు వినని కథేం కాదు. ఏ వేళ ఎక్కువగా జరుగుతోందో అడుగుతారు. చాలా ఇళ్ళలో అది సాయంత్రం, పెద్దవాళ్ళకి గందరగోళం పెరిగే వేళ, అప్పుడే వంటా, పిల్లల చదువూ మీద పడతాయి. ఆ రెండు గంటలకి ఇంకో మనిషిని పెట్టుకుంటే కొన్నిచోట్ల సగం గొడవ తగ్గింది. మూడోది, అత్తగారి డాక్టర్‌కి కూడా ఆవిడ తిట్టడం, కొరకడం, రాత్రంతా తిరగడం గురించి చెప్పండి. అటువైపు చేయగలిగింది కూడా ఉంటుంది.

చచ్చిపోతే బాగుండనిపిస్తోంది. చెబితే పోలీసు కేసు అవుతుందా?

కాదు. అలా అనిపిస్తోందని చెప్పడం నేరం కాదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 చట్టం చెబుతోంది. ఇప్పుడే ప్రభుత్వ ఉచిత మానసిక సహాయ నంబర్ 14416కి ఫోన్ చేయండి, ఏ వేళైనా తీస్తారు. ఏదైనా మింగినా, చేసుకున్నా 108కి చేయండి. పురుగుమందు, పెద్దవాళ్ళ నిద్రమాత్రలు ఇంట్లో ఉంటే వాటిని ఇంకొకరి చేతికివ్వండి. ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి.

## ఎవరి దగ్గరికి, ఎక్కడికి

నరాల డాక్టరా, సైకియాట్రిస్టా, సైకాలజిస్టా?

మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళకి న్యూరాలజిస్ట్, అంటే మనం నరాల డాక్టర్ అనేవారు, లేదా సైకియాట్రిస్ట్. మీ దిగులుకి, నిద్రకి, టెన్షన్‌కి సైకియాట్రిస్ట్. ఆయన ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాయగలరు. సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటల ద్వారా చేసే చికిత్స వాళ్ళది. బోర్డు మీద కౌన్సెలర్ అని మాత్రమే ఉంటే ఏం చదివారో అడగండి, అడగడం మీ హక్కు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ విభాగం ఉందా?

ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, రెండు ఊళ్ళకీ మధ్యలో ఉన్న మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఓపీ చీటీ రాయించుకోవడానికి పొద్దున్నే వెళ్ళాలి. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. ప్రైవేటు క్లినిక్‌లైతే విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వైపు ఎక్కువ. ఫీజు, వేచి ఉండాల్సిన సమయం ముందే ఫోన్ చేసి కనుక్కుంటే ఒక పూట కలిసొస్తుంది.

14416కి చేస్తే ఏమవుతుంది?

అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడొచ్చు, 24 గంటలూ ఉంటుంది. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళమంటారు. పేషెంట్ నిద్రపోయాక రాత్రి పదకొండింటికి మాత్రమే ఖాళీ దొరికే మనిషికి ఇది నిజంగా పనికొస్తుంది. పెద్దవాళ్ళ పింఛను, వృద్ధాశ్రమాలు, వేధింపుల సంగతులకు 14567 వేరే ఉంది, అది పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు.

మా వీధి ఆర్‌ఎంపీ నిద్రమాత్ర ఇస్తున్నారు. అది వేసుకుంటే సరిపోతుంది కదా?

వద్దు. ఆల్ప్రాజోలం లాంటివి కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి, మోతాదు పెరుగుతుంది. పైగా మీరు మత్తులో ఉంటే రాత్రి ఆయన లేచి బాత్రూంలో పడినా మీకు మెలకువ రాదు. ఇప్పటికే చాలాకాలంగా వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపకండి. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

ఆసుపత్రిలో చేరితే మానసిక జబ్బుకీ శారీరక జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టంలో ఉంది. ఓపీ ఫీజు, మందులు మాత్రం మీ పాలసీలో ఓపీ కవర్ ఉంటేనే.

## వెళ్ళే రోజు, ఇంట్లోవాళ్ళతో

నేను బయటికెళ్తే ఆ రెండు గంటలు ఆయన్ని ఎవరు చూస్తారు?

మా లెక్కలో అసలు అడ్డంకి ఇదే. పరువు, ఖర్చు అని పైకి చెబుతారు గానీ కూర్చోబెట్టి అడిగితే చివరికి ఇక్కడికే వస్తుంది. డాక్టర్ ఉన్నారు, ఫీజుకి డబ్బుంది, ఆటో ఉంది. ఇంట్లో ఆయన దగ్గర కూర్చునే మనిషి లేరు. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్తే సరిపోతుందనుకుంటారు. అప్పుడేమవుతుందంటే, ఓపీ హాల్లో ఆయన అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, లోపలికి పిలిచాక డాక్టర్ ఆయన్ని చూస్తారు, ఆమె సంగతి అలాగే ఉండిపోతుంది.

కాబట్టి అపాయింట్‌మెంట్ కంటే ముందు మనిషిని కుదుర్చుకోండి. నెలకి రెండుసార్లు, ఎప్పుడూ అదే రోజు, అదే గంట అని చెప్పి అడగండి. "ఎప్పుడైనా కాస్త చూడండి" అంటే ఎవరూ రారు. "రెండో శనివారం పది నుంచి పన్నెండున్నర దాకా" అంటే వచ్చేవాళ్ళు ఉంటారు. పక్కింటి పిన్నిగారు, రిటైరైన బాబాయ్, ఇంటరు చదివే మేనల్లుడు, ఎవరైనా సరే. వాళ్ళకి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసివ్వండి: ఆయన్ని ఏమని పిలవాలి, బాత్రూంకి ఎప్పుడు తీసుకెళ్ళాలి, ఊరికెళ్తానంటే ఏం చెప్పాలి, ఏ పాటలు పెడితే కుదురుగా ఉంటారు. మొదటిసారి మీరు ఇంట్లో ఉండగానే వాళ్ళను ఒక గంట కూర్చోబెట్టండి. వేసవిలో అపాయింట్‌మెంట్ పొద్దున్నే పెట్టుకోండి, మే నెల బెజవాడ ఎండలో మధ్యాహ్నం బయటపడితే వచ్చేసరికి మీరే పేషెంట్.

మనిషి అసలు దొరక్కపోతే ఫోన్, వీడియో కన్సల్టేషన్ అడగండి. 2020 నుంచి దానికి అధికారిక నిబంధనలున్నాయి. కొన్ని మందులు అలా రాయడానికి వీల్లేదు, కానీ మాట్లాడటానికి అడ్డం లేదు.

మా ఆయన "నీకేమైంది, బానే ఉన్నావుగా" అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

డిప్రెషన్ అనే మాటతో మొదలుపెట్టకండి. "నాకు నెల నుంచి నిద్ర లేదు, నిన్న స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయాను" అని జరిగింది చెప్పండి. ఇంకా కుదరకపోతే ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్ళ అమ్మగారిని ఆయనకే అప్పజెప్పి మీ పుట్టింటికి వెళ్ళిరండి. సలహా కటువుగా ఉందంటారు కొందరు, కానీ పనిచేసింది.

అమెరికాలో ఉన్న బావగారు డబ్బు పంపిస్తారు, వారానికోసారి వీడియో కాల్‌లో సలహాలు కూడా. ఇంకేం అడగను?

డబ్బుకి ఒక పేరు పెట్టి అడగండి: పగటి పూట అటెండర్ జీతం, లేదా మీ కన్సల్టేషన్, మందులు. సెలవుకి వచ్చినప్పుడు చుట్టాలిళ్ళు తిరగడం తర్వాత, మొదటి వారం పెద్దాయన్ని ఆయనే చూసుకోవాలని టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పండి. వీడియో కాల్ ఉన్న పది నిమిషాలూ పెద్దవాళ్ళు చాలా బాగా మాట్లాడతారు. "నాన్న బానే ఉన్నాడుగా" అని ఆయన అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కావాలంటే సాయంత్రం ఆరింటికి కాల్ చేయమనండి.

నేను మగవాణ్ణి. భార్యకి జబ్బు, ఇద్దరమే ఉంటున్నాం. ఇవన్నీ చెప్పుకోవాలంటే నామోషీ.

నిద్ర పట్టడం లేదనో, గుండెదడ అనో చెప్పి వెళ్ళండి. మగవాళ్ళలో ఎక్కువమంది అలాగే మొదలుపెడతారు. రాత్రి ఒక పెగ్గు అలవాటైతే అదీ చెప్పండి, మందులతో కలిస్తే ప్రమాదం. చీర కట్టడం, జడ వేయడం రాక ఇబ్బంది పడుతున్నారా? నైటీ, పొట్టి జుట్టు సరిపోతాయి, ఎవరేమనుకున్నా.

డాక్టర్ దగ్గర ఐదు నిమిషాలే ఉంటుంది. ఏం చెప్పాలి?

మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "ఈరోజు పేషెంట్ నేనండీ." లేకపోతే మాట పెద్దాయన మీదికి వెళ్ళిపోతుంది. మీ పేరు మీద ఓపీ చీటీ తీసుకోండి. ఎన్నాళ్ళ నుంచి, ఎన్ని గంటల నిద్ర, బరువు తగ్గారా, ఏ మందులు వాడుతున్నారు, చనిపోవాలన్న ఆలోచన ఉందా, ఇవి ముందు రాత్రే కాగితం మీద రాసుకోండి.

## మొదలుపెట్టాక

ఈ మాత్రలు మొదలుపెడితే జన్మంతా వాడాలా?

డిప్రెషన్‌కి మామూలుగా ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి నిద్రమాత్రల్లా వ్యసనం కావు. ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారం వికారం, తలనొప్పి ఉండొచ్చు. చాలామంది ఆ వారంలోనే మానేసి "పడలేదు" అంటారు. తగ్గాక కూడా కొన్ని నెలలు కొనసాగించి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా ఆపాలి. జన ఔషధి దుకాణాల్లో ఇవి చౌకగా దొరుకుతాయి.

రెండుసార్లు వెళ్ళాను. ఇంట్లో పరిస్థితి మారనప్పుడు కౌన్సెలింగ్‌తో ఏం లాభం? కబుర్లేగా?

మామగారి జబ్బు తగ్గదు, అది నిజం. కానీ ఆయన నలభైసార్లు అడిగిన ప్రశ్నకి నలభై ఒకటోసారి ఏం చెప్పాలి, దొంగతనం మోపితే ఎలా పక్కకి మళ్ళించాలి, రోజులో మీకంటూ అరగంట ఎక్కడ దొరుకుతుంది అన్నవి నేర్చుకోవచ్చు. లండన్‌లో ఇలాంటివి 8 సెషన్లలో నేర్పారు. నేర్పింది పెద్ద డాక్టర్లేం కాదు, శిక్షణ ఇచ్చిన సైకాలజీ గ్రాడ్యుయేట్లు. నేర్చుకున్నవాళ్ళలో దిగులు, ఆందోళన మిగతావాళ్ళ కంటే తక్కువగా ఉన్నాయి, 6 ఏళ్ళ తర్వాత చూసినా ఆ తేడా నిలిచింది. మన దేశంలోనే గోవాలో, శిక్షణ ఇచ్చిన స్థానికులను ఇళ్ళకు పంపి చేసిన ప్రయత్నం ఫలితాలు 2008లో వచ్చాయి, అక్కడా చూసుకునేవాళ్ళ మానసిక స్థితి మెరుగైంది. ఆ పద్ధతి మన రెండు ఊళ్ళలో ప్రతి వీధికీ రావాలి, రాలేదు. అందాకా చేయగలిగింది ఏమిటంటే, సైకాలజిస్ట్‌ని మొదటిరోజే అడగండి: "నాకు ఆయనతో రోజూ ఎలా నెగ్గుకురావాలో నేర్పుతారా, లేక నా మాటలు వింటారా?" రెండూ అవసరమే. మొదటిది దొరక్కపోతే చాలామంది మూడోసారి వెళ్ళరు, వాళ్ళను తప్పుపట్టలేం. ఒకరితో కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి, మొత్తానికే మానేయకండి.

## ఆ తర్వాత

నాన్నని కేర్ హోమ్‌లో చేర్చాం. ఇప్పుడు ఇంకా ఎక్కువ ఏడుపొస్తోంది. ఎందుకు?

చేతిలో పని ఉన్నన్నాళ్ళూ ఏడవడానికి తీరిక లేదు. దానికి తోడు చుట్టాల మాటలు. ఇది మామూలుగా జరిగేదే. కానీ డాక్టర్‌ని కలవడం ఈ దశలోనే చాలామంది ఆపేస్తారు. ఆపకండి.

అమ్మ పోయినప్పుడు ముందు "హమ్మయ్య" అనిపించింది. నేను చెడ్డదాన్నా?

కాదు. ఏళ్ళ తరబడి ఆ మనిషిని కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటూ వచ్చారు, దుఃఖం అప్పుడే చాలావరకు పడ్డారు. పెద్దకర్మ రోజున కళ్ళలో నీళ్ళు రాలేదని ఎవరైనా అంటే అననివ్వండి. ఏడాది గడిచినా ఆ గదిలోకి వెళ్ళలేకపోతున్నా, పనులేవీ చేసుకోలేకపోతున్నా డాక్టర్‌తో మాట్లాడండి. పేషెంట్ పోయారు కదా అని మీకు వైద్యం అక్కర్లేదనుకోవద్దు.

ఇప్పుడు నాకే పేర్లు, తాళాలు మర్చిపోతున్నాను. నాకూ వస్తుందా?

ఏళ్ళ తరబడి నిద్రలేకపోవడం, డిప్రెషన్, బి12 తక్కువ, థైరాయిడ్, ఇవన్నీ మతిమరుపు తెస్తాయి, వైద్యంతో చాలావరకు బాగుపడతాయి. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అది నేరుగా వంశపారంపర్యంగా వచ్చే కుటుంబాలు చాలా అరుదు. అమ్మకో నాన్నకో ఉంటే ముప్పు కొంత పెరుగుతుంది, అంతేగాని వచ్చి తీరుతుందని కాదు. అత్తమామలకి సేవ చేసిన కోడలికి వాళ్ళ నుంచి రాదు, అది అంటుకునే జబ్బు కాదు. (ఈ ఒక్కమాట చెప్పాక ఫోన్లో నిట్టూర్పు వినిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి.) తాళం ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వేరు, తాళం దేనికో తెలియకపోవడం వేరు. తెలిసిన దారి తప్పినా, డబ్బు లెక్కలు తప్పుతున్నా, అడిగిందే అడుగుతున్నారని ఇంట్లోవాళ్ళు అంటున్నా బీపీ, షుగర్ రిపోర్టులు తీసుకుని వెళ్ళి చూపించుకోండి. మీ రోజువారీ సంగతి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళండి, డాక్టర్ వాళ్ళను కూడా అడుగుతారు.